ఫ్యూజు తీయండి, మీటరు పీకొద్దు

(తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు నడిపేవాళ్లు, విద్యార్థులు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు కస్టమర్లను ఎలా పెంచుకోవాలో మాట్లాడమన్నారు. దాని గురించి చెప్పేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు. నేనేమో చందా మానేసినవాళ్ల గురించి మాట్లాడతానన్నాను. వీళ్లు డబ్బు కట్టరు, లాగిన్ అవరు, ఫోన్ చేస్తే ఎత్తరు. కానీ మన డేటాబేస్‌లో మాత్రం బుద్ధిగా వరసలో కూర్చుని ఉంటారు. సాఫ్ట్‌వేర్ చందాలమీద బతికే ఎవరి దగ్గరైనా ఈ పేర్ల లిస్టు చాంతాడంత ఉంటుంది.

బాకీ అనేది మన ఊరికి కొత్త కాదు. పెళ్లికి చేసిన అప్పుకి కొండమీద స్వామే కుబేరుడికి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడంటారు. ఇన్నేళ్లయినా కుబేరుడు ఆ అకౌంటు మూసెయ్యలేదు. (నవ్వులు) ఆయనకి సర్వర్ అద్దె లేదు, మనకి ఉంది.

మాది చిన్న కంపెనీ. 2018లో ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. తిరుపతి లాడ్జీలకి రూముల బుకింగు, బిల్లింగు. చిత్తూరు వైపు మామిడి మండీలకి తూకం చీటీలు, రైతుల లెక్కలు. నెలకింత అని చందా. మొదటి ఏడాదే నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తాను. నాకు ఈ విషయం నేర్పింది అదే.

దామలచెరువు దగ్గర ఒక మండీ ఆయన ఉన్నాడు. మే, జూన్, జూలై మూడు నెలలూ టంచనుగా కట్టాడు. ఆగస్టు నుంచి డబ్బు లేదు, లాగిన్ లేదు. మేమేమో అప్పటికే ఒక స్క్రిప్టు రాసిపెట్టాం. 90 రోజులు డబ్బూ రాక, లాగినూ లేకపోతే అకౌంటు, దాంతోపాటు డేటా మొత్తం తుడిచెయ్యడం దాని పని. సర్వర్ శుభ్రంగా ఉండాలని మా తాపత్రయం. అక్టోబర్ చివర్లో అది తన పని తాను చేసుకుపోయింది. బ్యాకప్ 30 రోజులదే ఉంచేవాళ్లం కాబట్టి నవంబర్ ఆఖరుకి అదీ పోయింది. మాకెవరికీ తెలియదు. హాయిగా నిద్రపోయాం.

2019 మే. పొద్దున ఆఫీసు షట్టరు ఎత్తడానికి వెళ్తే మెట్లమీద ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన అల్లుడు, కాళ్ల దగ్గర ఎరువుల సంచి. "సామీ, కంప్యూటరు తెరిస్తే ఏమీ లేదు. పోయినేటి అడ్వాన్సులన్నీ దాంట్లోనే కదా ఉండేది" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మామిడి వ్యాపారం తెలిసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. మండీవాళ్లు రైతులకు ముందే డబ్బిస్తారు, కాయ దిగాక అందులో పట్టుకుంటారు. ఒక ఏడు కాయ తక్కువైతే మిగిలిన బాకీ మరుసటి ఏటికి పోతుంది. ఎవరి మీద ఎంత మిగిలిందో, సరిగ్గా ఆ లెక్కే మేం తుడిచేశాం.

సంచి నిండా తూకం చీటీల కార్బన్ కాపీలు. మూడు రాత్రులు ఆయన మండీలో రేకుల షెడ్డు కింద కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించాం. చీటీలమీద మామిడి సొన కారి అంకెలు నల్లబడిపోయాయి, 3 ఏదో 8 ఏదో తెలియదు. అల్లుడు చదువుతాడు, నేను కొడతాను. ఒకచోట అల్లుడు ఆగి, "ఇది 33 క్రేట్లా, 38 క్రేట్లా మామా?" అంటే ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, "ఆ పొద్దు వాన. ట్రాక్టరు సగమే వచ్చె. 33 ఏసుకో" అన్నాడు. మా సర్వర్లో లేని బ్యాకప్ ఆయన బుర్రలో ఉంది.

మేం పోయాడనుకున్న మనిషి అసలు పోనేలేదు. ఆయనకి ఆగస్టు నుంచి వచ్చే ఎండాకాలం దాకా మండీలో పనే ఉండదు. 90 రోజులనే లెక్క ఏడాది పొడుగునా పనుండే ఆఫీసులకి సరిపోతుందేమో. మేం దాన్ని తెచ్చి మామిడిచెట్టుకి కట్టాం.

అప్పటినుంచి మా దగ్గర రెండు గళ్లు పెట్టాం. డబ్బు వస్తోందా అన్నది ఒక గడి, వాడుతున్నారా అన్నది ఇంకో గడి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ చాలా కంపెనీల్లో ఈ రెండూ కలిపేసి 'యాక్టివ్', 'ఇన్‌యాక్టివ్' అని ఒకే గడి ఉంటుంది. అందులో మామిడి మండీ ఆయనా, దివాలా తీసినాయనా, కార్డు గడువు తీరిపోయినాయనా ఒకే రంగులో కనబడతారు.

రెండో గడిలో కూడా ఒక మోసం ఉంది. అందరూ చివరి లాగిన్ ఎప్పుడో చూస్తారు. లాడ్జీ రిసెప్షన్లో కంప్యూటర్ ఆపనే ఆపరు, బ్రౌజర్ నెలల తరబడి తెరిచే ఉంటుంది. మన లెక్కలో ఆయన రోజూ వాడుతున్నట్టే. తీరా చూస్తే ఆరు వారాలుగా ఒక్క బిల్లు కొట్టలేదు, మళ్లీ పుస్తకంలో రాసుకుంటున్నాడు. అందుకని మేం లాగిన్ చూడటం మానేసి, చివరి బిల్లు ఎప్పుడు కొట్టారో చూస్తాం. మీ సాఫ్ట్‌వేర్లో 'బిల్లు'కి బదులు ఏముంటుందో మీరే చూసుకోండి.

ఆ మరుసటి ఏడే ఈ రెండు గళ్లకి పెద్ద పరీక్ష వచ్చింది. 2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమలలో భక్తులకి దర్శనాలు ఆపేశారు. ఆ వారం మా డాష్‌బోర్డు చూస్తే లాడ్జీలన్నీ ఒక్కసారి పడుకున్నాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ, బస్టాండు ఎదురుగా, రైల్వే స్టేషన్ వీధుల్లో, అందరూ ఒకేసారి. మా పార్ట్‌నర్ ఒకడు రిమైండర్లు పంపుదామన్నాడు. పంపితే మనుషులమనిపించుకోం అన్నాను నేను. అప్పుడు పెట్టిందే 'విరామం' అనే బటన్. నొక్కితే చందా ఆగుతుంది, డేటా ఉంటుంది, పాత లెక్కలు చూసుకోవచ్చు. జూన్ 8న దర్శనాలు ముందు ట్రయల్‌గా మొదలయ్యాయి, 11 నుంచి మామూలు భక్తుల్ని వదిలారు. లాడ్జీలు వెంటనే నిండలేదు, నెలలు పట్టింది. కానీ ఒక్కొక్కరే విరామం తీసి వచ్చారు. మళ్లీ అమ్మాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మామిడి మండీలు కూడా సీజన్ అయ్యాక అదే బటన్ నొక్కుతున్నాయి. ఆ తొమ్మిది నెలల డబ్బు పోతుంది కదా అంటారా? ఆ డబ్బు ఎప్పుడూ మనది కాదు.

ఇక వాడుతూనే డబ్బు కట్టనివాళ్లు. వీళ్లలో ఎక్కువమంది ఎగ్గొట్టేవాళ్లు కారు. ఈ మాట నేను ఆలస్యంగా ఒప్పుకున్నాను.

ఒక లాడ్జీ మూడు నెలలు కట్టలేదు. స్క్రీన్ పైన ఎర్రపట్టీ, 'మీ చందా గడువు ముగిసింది' అని రోజూ చూపిస్తున్నాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి నేనే వెళ్లాను. ఓనరు కాఫీ తెప్పించి, "ఏం సార్, బాకీ ఉండామా మేము? నాకెవురూ చెప్పలే!" అన్నాడు. నిజమే. కంప్యూటర్ ముందు కూర్చునేది గుమాస్తా. డబ్బు ఇచ్చేది ఓనరు. ఓనరు ఆ కంప్యూటర్ వైపే చూడడు. గుమాస్తాకి ఎర్రపట్టీ కళ్లకి అలవాటైపోయింది, పైగా "డబ్బు కట్టాలంట" అని ఓనరుకి చెప్పడం వాడికి తలనొప్పి. మెయిల్ ఎవరికి పోతోందంటే, అకౌంటు తెరిచినప్పటి కుర్రాడికి. వాడు బెంగళూరు వెళ్లిపోయి ఏడాదైంది. మనం మూడు నెలలుగా అరుస్తున్నాం, అరుపంతా వేరేవాళ్ల ఇంటి ముందు.

అందుకని అకౌంటు తెరిచేటప్పుడే రెండు నంబర్లు తీసుకుంటాం, వాడేవాళ్లది, కట్టేవాళ్లది. కట్టేవాళ్ల నంబరుకి వాట్సాప్‌లో తెలుగులో నాలుగు ముక్కలు, ఎంత, ఎప్పటిదాకా, ఎలా కట్టాలి. అంతకుమించి రాస్తే చదవరు.

ఆటోపే ఉంటే ఈ గోల ఉండదు కదా అని మీరనుకోవచ్చు. దానికి దాని గోల ఉంది. రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం డబ్బు లాగడానికి కనీసం 24 గంటల ముందు కస్టమరుకి మెసేజ్ పోవాలి. కార్డుల మీద ఈ ఏర్పాటు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలైంది. ఓటీపీ లేకుండా లాగే పరిమితి అప్పుడు 5,000 రూపాయలు, 2022 జూన్‌లో 15,000 చేశారు. మంచి రూలే, నేను తప్పుపట్టను. కానీ ఆ మెసేజ్ చూసి ఒక పెద్దాయన సైబర్ మోసమనుకుని మనవడి చేత మ్యాండేట్, అంటే డబ్బు లాగే అనుమతి, క్యాన్సిల్ చేయించాడు. ఇంకొకాయన బ్యాంకు మార్చాడు. ఇంకొకాయన అకౌంట్లో ఆ పూట డబ్బులేదు, సాయంత్రానికి వచ్చింది. వీళ్లెవరూ మనల్ని వదిలిపోలేదు, గొట్టంలో ఎక్కడో అడ్డం పడిందంతే. ఇలాంటివాళ్లకి బాకీదారు భాషలో మెసేజ్ పెట్టారంటే అప్పుడు నిజంగానే పోతారు.

నిజంగా తెలివి చూపించేవాళ్లు లేరా అంటే ఉన్నారు. 30 రోజుల ఉచిత ట్రయల్ ఇచ్చేవాళ్లం. ఒక దుకాణం ఆయన నెలకో కొత్త ట్రయల్. మొదటి నెల తన నంబరు, రెండో నెల భార్యది, తర్వాత కొడుకుది, నాలుగో నెలకి బామ్మర్ది. (నవ్వులు) అన్ని బిల్లులమీదా ఒకే జీఎస్టీ నంబరు! వెళ్లి అడిగితే ఆయన చెప్పిన జవాబు నేనిప్పటికీ మరిచిపోలేదు. "డబ్బుకి కాదు సార్. నెలకోసారి కొత్తగా మొదలుపెడితే పాత బాకీలు కనపడవు, మనసుకి ప్రశాంతంగా ఉంటది" అన్నాడు. ట్రయల్‌ని ఫోన్ నంబరుకి కాకుండా జీఎస్టీ నంబరుకి ముడిపెట్టాం. ప్రశాంతత పోయింది, చందా వచ్చింది.

జీఎస్టీ అన్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు కాస్త చెవి ఇటు పెట్టండి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ప్రతినెలా సిస్టం చేత ఆటోమేటిక్‌గా టాక్స్ ఇన్‌వాయిస్ కొట్టిస్తుంటారు. కస్టమరు పలకడు, కట్టడు. కానీ ఇన్‌వాయిస్ పుట్టింది కాబట్టి 18 శాతం మీరు కట్టాల్సిందే. నెలకి 1,000 రూపాయల చందా, పలకని అకౌంట్లు 40, ఆరు నెలలు గమనించలేదు అనుకోండి. రాని డబ్బుకి 43,200 రూపాయలు పన్ను కట్టారన్నమాట. కస్టమరు ఎగ్గొట్టాడన్న కారణానికి అది వెనక్కి రాదు. సేవ అసలు ఇవ్వలేదు అంటే క్రెడిట్ నోట్ (ఆ ఇన్‌వాయిస్‌ని తగ్గించే చీటీ) రాసుకోవచ్చు, దానికీ మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబర్ 30 దాకానే గడువు. కాబట్టి గడువుకి ముందు ప్రొఫార్మా (ఇంత కట్టాలని చెప్పే ముందస్తు చీటీ) పంపండి, డబ్బు వచ్చాక అసలు ఇన్‌వాయిస్. నెల కట్టకపోతే సేవ ఆపాలి, సేవ నడిపిస్తూ ఇన్‌వాయిస్ దాచుకోకూడదు. అది వేరే తప్పు. ఇన్‌వాయిస్ తీసుకుని, పన్ను క్రెడిట్ వాడుకుని (ఆ పన్నుని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని), 180 రోజులదాకా మనకి డబ్బు ఇవ్వని కస్టమరు ఆ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఈ ముక్క వాళ్ల ఆడిటర్‌కి మర్యాదగా గుర్తు చేస్తే కొన్ని బాకీలు ఆ వారమే వసూలవుతాయి.

సరే, అన్నీ చేశాం. ఫోన్ చేశాం, వెళ్లాం, చెప్పాం. అయినా కట్టడు. అప్పుడేం చెయ్యాలి?

మన ఊళ్లోనే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ హెడ్డాఫీసు ఉంది. కరెంటు బిల్లు కట్టకపోతే వాళ్లేం చేస్తారో మనందరికీ తెలుసు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోతాడు. మీటరు అక్కడే ఉంటుంది, దానిమీద రీడింగు అలాగే ఉంటుంది. డబ్బు కడితే ఫ్యూజు తిరిగొస్తుంది. అదీ ఊరికే పీకడానికి లేదు, 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దామలచెరువులో నేను చేసిందేమిటంటే నోటీసు లేకుండా మీటరుతో సహా పీకేయడం.

ఇప్పుడు మా దగ్గర 15 రోజుల నోటీసు ఉంటుంది. తర్వాత కొత్త బిల్లు కొట్టడం ఆగిపోతుంది. పాతవి చూడొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మొత్తం లెక్క ఎక్సెల్‌లో దించుకోవచ్చు. ఆ దించుకునే బటన్‌ని బాకీకి తాకట్టు పెట్టుకోవద్దని మా ఆఫీసులో పెద్ద గొడవే జరిగింది. "లెక్కలు మన చేతిలో ఉంటేనే కదా కడతారు" అని ఒక వాదన. లెక్కలు ఆయనవి. మనం బీరువా అద్దెకిచ్చాం, లోపలి నగలు మనవి కావు.

ఫ్యూజు ఎప్పుడు తీస్తామన్నది కూడా ముఖ్యమే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా లాడ్జీ జోలికి పోం. బ్రహ్మోత్సవాల్లో అసలే పోం. రిసెప్షన్ ముందు యాభైమంది యాత్రికులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉంటే బిల్లు ఆగిందంటే ఆ తిట్లు మనకి కాదు, ఆ గుమాస్తాకి తగులుతాయి. మంగళవారం పొద్దున 11 గంటలకి తీస్తాం. మంగళవారం మంచిపని మొదలుపెట్టకూడదంటారు. ఇది మంచిపని కాదు కాబట్టి ఫర్వాలేదు. (నవ్వులు)

మరి ఎప్పటికీ తుడవకూడదా అంటే, తుడవాలి. అక్కడ నేను రెండో వైపుకి పోయి ఇంకో తప్పు చేశాను. భయంతో కొన్నేళ్లు ఏదీ తుడవలేదు. ఎవరూ పట్టించుకోని అకౌంటు తాళం వెయ్యని ఇల్లు. పాత పాస్‌వర్డులు, మానేసిన కుర్రాళ్ల లాగిన్లు. గూగుల్ 2023లో, రెండేళ్లు వాడని వ్యక్తిగత అకౌంట్లు తీసేస్తామని చెప్పినప్పుడు ఇదే కారణం చూపింది. వదిలేసిన అకౌంట్లకి రెండంచెల భద్రత ఉండటం అరుదని. మా దగ్గరైతే అందులో రైతుల ఫోన్ నంబర్లు, లాడ్జీలో దిగినవాళ్ల వివరాలు.

చట్టాలు కూడా చెరోవైపు లాగుతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, పని అయిపోయాక వివరాలు చెరిపెయ్యమంటుంది, వేరే చట్టం ఉంచమంటే తప్ప. జీఎస్టీ చట్టమేమో వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు ఉంచమంటుంది. ఉంచాల్సిన బాధ్యత ఆ వ్యాపారిది, కానీ లెక్క మన దగ్గరుంది. అందుకే చెరిపే ముందు ఫైలు ఆయన చేతికి చేరిందా లేదా చూస్తాం. డేటా చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. 2 కోట్లమంది వాడే పెద్ద ఈ-కామర్స్, సోషల్ మీడియా కంపెనీలు మూడేళ్లు పలకని మనిషి వివరాలు చెరిపెయ్యాలని, దానికి 48 గంటల ముందు చెప్పాలని వాటిలో ఉంది. మనకంత లేదు. అయినా 48 గంటలు నాకు తక్కువనిపిస్తుంది. మా దగ్గర ఒక నెల ముందు వాట్సాప్, వారం ముందు ఫోన్, ఆ ఫోన్ చేసేది మనిషే. బ్యాంకులు చూడండి. రెండేళ్లు కదలకపోతే అకౌంటు నిద్రపోయిందంటాయి, పదేళ్లయితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది, అప్పుడైనా వెళ్లి అడిగితే ఇస్తారు. నీది పోయిందని ఎవరూ అనరు.

చివరగా ఆ రెండు గళ్లలో మిగిలిన రకం. డబ్బు కడతారు, వాడరు. దీనిమీద ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఇది తియ్యగా ఉంటుంది. ఒక లాడ్జీ రిపేర్లకని మూశారు. ఆటోపే మాత్రం నెలనెలా వచ్చిపడుతోంది. మా పార్ట్‌నర్, "వచ్చే లక్ష్మిని కాలదన్నుతావా?" అన్నాడు. నేను ఫోన్ చేశాను, విరామం పెట్టించాను, మూడు నెలల డబ్బు వెనక్కి వేశాను. నేనేదో హరిశ్చంద్రుణ్ణని కాదు. ఒకరోజు ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తాడు. ఆ రోజు బస్టాండు ఎదురుగా ఉన్న ఇరవై లాడ్జీలకీ మన సంగతి తెలుస్తుంది. నెట్‌ఫ్లిక్స్ అంత కంపెనీ కూడా 2020 మేలో, చాలాకాలంగా చూడనివాళ్లని అడిగి, పలక్కపోతే చందా ఆపేస్తామని ప్రకటించింది. అలాంటివాళ్లు మొత్తంలో అరశాతం కూడా లేరని వాళ్లే చెప్పారు. మానుకోనివ్వకుండా చందాలో ఇరికించడాన్ని 2023 నవంబర్ 30న మన దేశంలోనూ మోసపు పద్ధతుల జాబితాలో చేర్చారు, అక్కడ చెప్పిన 13 రకాల్లో అదొకటి.

టైమైందంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. ఆ, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, దామలచెరువు ఆయన మళ్లీ మీ దగ్గరికి వచ్చారా?)

ఆ సీజన్ మాతోనే నడిపాడు, వేరే దారి లేక. తర్వాతి రెండేళ్లు పుస్తకంలోనే రాసుకున్నాడు. నేనూ అడగలేదు, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? 2022లో అల్లుడు ఫోన్ చేశాడు. ధర అడగలేదు, కొత్తగా ఏమున్నాయని అడగలేదు. "లెక్కలన్నీ బయటికి దించుకునేది ఎక్కడుంది సార్?" అన్నాడు మొదటి మాటే. చూపించాను. చేరారు. ఇప్పటికీ ఉన్నారు, మేలో మూడు నెలలకీ ఒకేసారి నగదు ఇస్తారు, ఆగస్టులో విరామం.

కానీ పెద్దాయనకి మామీద నమ్మకం పూర్తిగా కుదిరిందని చెప్పలేను. విరామం నొక్కే ముందు ప్రతి ఏడూ మొత్తం లెక్క ప్రింటు తీయించుకుని, ఆ కాగితాల కట్టని అదే ఎరువుల సంచిలో పెట్టి ఇంట్లో అటకమీద పెడతాడు. రెండు రీములు పడుతుంది. కాగితం మేమే కొనిస్తాం.